మా పెరటి వెనక గోడ లేచిన వైనం

మా పెరట్లో సాయంత్రం నాలుగింటికే మసక చీకటి పడుతుంది. ఇది టెక్సాస్ వాతావరణం మహిమ కాదు, నా ఇంగ్లీషు మహిమ. మూడు నిమిషాలు మైకు దొరికితే మనిషి తన కొంపకు తానే ఎంత చక్కగా నిప్పు పెట్టుకోగలడో చెబుతాను, వినండి.

కాపెల్ అనే ఊరి దగ్గర్లో మేం ఇల్లు కొన్న కొత్తలో, కంచె వెనకున్న ఖాళీ స్థలానికి ఒక ప్లాను వచ్చింది. కింద చిన్న చిన్న షాపులు, పైన అపార్ట్‌మెంట్లు. షాపులు వీధివైపు తెరుచుకోవాలి, పార్కింగ్ వెనక్కి పోవాలి, వెడల్పాటి సైడ్‌వాక్, చెట్ల నీడ, బెంచీలు ఉండాలి. ఇలా మనుషులు తిరిగేలా కట్టేవాళ్లకు ఒక అంతస్తు అదనంగా కట్టుకోనివ్వడం సిటీ పాలసీ.

నా భార్య స్వప్నది వరంగల్. ఏళ్ల తరబడి ఎదురుచూసిన వర్క్ పర్మిట్ అప్పుడే చేతికొచ్చింది. "అండ్ల ఒక చిన్న షాపు తీస్కుంట. టిఫిన్ సెంటర్ పెడ్త," అంది. నేను "చూద్దాంలే" అన్నాను. మొగుళ్ల నిఘంటువులో ఆ మాటకు అర్థమేమిటో మీకు చెప్పక్కర్లేదు.

ఇటు మా కాలనీ వాట్సాప్ గ్రూపు ఉడికిపోతోంది. దానికి పెద్ద, పక్కింటి ప్రసాద్ గారు. అపార్ట్‌మెంట్లొస్తే ఇళ్ల ధరలు పడిపోతాయనీ, స్కూళ్లు కిక్కిరిసిపోతాయనీ ఆయన బెంగ. ప్లాను ఒప్పుకునేముందు సిటీవాళ్లు జనం అభిప్రాయం వినే హియరింగ్‌లో ఎవరో ఒకరు మాట్లాడాలి కదా. "మీ యాక్సెంట్ బాగుంటుందండీ, మీరే కానివ్వండి," అన్నారు. పొగిడితే పొట్లకాయ కూడా నిటారుగా నిలబడుతుంది. నేనెంత? వారమంతా అద్దం ముందు సాధన చేశాను.

సిటీ హాల్లో ప్లానింగ్ ఆఫీసర్ బొమ్మలు చూపిస్తూ, వీధి అందంగా ఉంటే జనం నడుస్తారని, జనం నడిస్తే ఊరు బతుకుతుందని ఓపిగ్గా వివరించింది. నేను మైకందుకుని ఆవిణ్ణి ఉతికి ఆరేశాను. ఇంటికి రెండు కార్లున్న చోట నడిచేదెవరన్నాను. కిటికీలు పెడితే మా పెరళ్లలోకి తొంగిచూస్తారన్నాను. బెంచీలు వేస్తే పనిలేనివాళ్లు చేరతారన్నాను. హాలంతా చప్పట్లు.

కమిషన్ ఛైర్మన్ కళ్లద్దాలు తీశాడు. "మరి అక్కడ మీకేం కావాలి, సర్?"

ఈ ప్రశ్నకు అద్దం ముందు సాధన చేయలేదు. అయినా తడుముకోలేదు. "ఏదైనా పర్లేదు. నిశ్శబ్దంగా ఉండాలి, మనుషులు ఉండకూడదు."

ప్లాను వీగిపోయింది. ఇంటికొచ్చేసరికి స్వప్న లైవ్‌లో అంతా చూసేసింది. "షాపు సంగతి నీకు చెప్పిన కదా," అని మాత్రం అంది. చెప్పావన్నాను. ఆమె లాప్‌టాప్ మూసి లోపలికి వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

మాటలు కోటలు దాటుతాయంటారు. నావి సిటీ హాలు దాటి, తిరిగొచ్చి మా కంచె పక్కనే నిలబడ్డాయి. స్థలం యజమాని, ఎక్కడ ఏం కట్టొచ్చో చెప్పే పాత జోనింగ్ రూళ్లు తిరగేశాడు. వాటి ప్రకారం, జనం ఇంట్లో పట్టని సామాన్లు అద్దె గదుల్లో దాచుకునే స్టోరేజ్ గోడౌన్ కట్టడానికి హియరింగ్ అక్కర్లేదు, కిటికీలూ చెట్లూ ఉండాలన్న రూలూ లేదు. మూడంతస్తుల బూడిదరంగు గోడ లేచింది. మా టమాటా మొక్కలు ఎండ లేక చచ్చాయి. నిశ్శబ్దంగా ఉంది. మనుషులు లేరు. నా కోరిక ఇంత శ్రద్ధగా తీర్చినవాళ్లు లోకంలో లేరు.

ప్రసాద్ గారు ఇల్లమ్మేసి వేరే ఊళ్లో ఫ్లాటుకు మారిపోయారు. కిందే కాఫీ షాపట, భలే సుఖంగా ఉందట. గ్రూపులో ఫొటో కూడా పెట్టారు.

మొన్నీమధ్య గరాజ్ ఖాళీగా కనిపిస్తే, టిఫిన్ సెంటర్ కోసం స్వప్న అప్పట్లోనే కొని అక్కడ పెట్టుకున్న పెద్ద గ్రైండరూ ఇడ్లీ పాత్రలూ ఏమయ్యాయని అడిగాను. స్వప్న చపాతీ వత్తుతూనే కంచె వైపు గడ్డం చూపింది.

"గోడౌన్ల ఒక రూము కిరాయికి తీస్కున్న, అండ్ల పెట్టిన. మంచిగుంది, నడిచి పోవచ్చు."

పడమర దిక్కున గోడే ఉంది కనుక తూర్పుకు తిరిగి ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్లీ హియరింగ్‌కు వెళ్లను. వెళ్లక తప్పకపోతే, స్వప్న రాసిచ్చిందే చదివి, నోరు మూసుకుని వచ్చేస్తాను.