లస్కర్ తాత పాదం

మా కాలువకు కాపలా ఉండే లస్కర్ తాత ప్రతి పది అడుగులకూ చెప్పు విడిచి, ఉత్త పాదంతో కట్టను తడిమేవాడు. నీళ్లు ఊరే చోటు ఆ పాదానికే తెలుస్తుందట. ఆ ఆలస్యానికి నాకు ఒళ్లు మండేది.

ఓసారి ఇద్దరం అడ్డదారిన పెద్దపల్లి మార్కెట్‌కు బయల్దేరాం. రైలు పట్టాల దగ్గరికి వచ్చేసరికి అవతలి లైను మీద గూడ్సు బండి అప్పుడే దాటిపోయింది. నేను అడుగు వేయబోతే తాత కర్ర అడ్డం పెట్టి, చెప్పు విడిచి ఇవతలి పట్టా మీద పాదం ఆనించాడు.

"గది పోయిన బండి అదురే, తాతా. పొద్దు పోతాంది, నడువు."

"పోయేదైతే తగ్గుతది బిడ్డా. గిది పెరుగుతాంది. ఎనుకకు జరుగు!"

విసుక్కుంటూనే జరిగాను. మలుపు చాటు నుంచి వచ్చిన ఎక్స్‌ప్రెస్ మా ముందే దూసుకుపోయింది.

కాసేపటికి పట్టా ముట్టి చూశాను. అదురు ఆగిపోయింది. తాత పాదం మాత్రం చెప్పులో దూరలేక ఇంకా వణుకుతోంది.