ఫోర్ట్ కొచ్చిలో తలస్నానం

2011లో శంషాబాద్ బస్టాండు దగ్గర కొత్తగా టూర్ల ఆఫీసు తెరిచాను. నా మొదటి గ్రూపు తుక్కుగూడ పక్క ఊరి మల్లమ్మ కుటుంబం. ఆమె, కొడుకులు, కోడళ్ళు, పెళ్ళై నెల కూడా కాని మనవడు, అతని భార్య. రోజూ నెత్తి మీదుగా విమానాలు పోతున్నా వాళ్ళెవరూ ఎక్కి ఎరగరు, సముద్రం చూసి ఎరగరు. వీళ్ళు సంతోషంగా తిరిగొస్తే చుట్టుపక్కల ఊళ్ళన్నీ నావే. తిట్టుకుంటూ వస్తే షట్టర్ దించుకోవాల్సిందే.

అందుకే ఇటినరరీ, అంటే ఏ పూట ఏం చూడాలనే పథకం, ఎంతో శ్రద్ధగా వేశాను. కేరళలోని ఫోర్ట్ కొచ్చి పాత రేవు పట్నం. పోర్చుగీసువాళ్ళు, డచ్చివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు వరసగా ఏలిన చోటు. చివరి రోజు పొద్దున్నే చెక్ అవుట్ చేసి, అంటే హోటల్ గదులు అప్పజెప్పేసి, సామాను బస్సులో వేసి నడక మొదలుపెట్టాం. మొదట డచ్చివాళ్ళ శ్మశానం. మాది క్రైస్తవ కుటుంబం, సమాధులకు పూలు పట్టుకెళ్ళడం చిన్నప్పటి నుంచీ అలవాటు. అందుకని నాకు ఏ అనుమానమూ రాలేదు. పైగా వాళ్ళనీ వీళ్ళనీ బతిమాలి గేటు తాళం తీయించానని గర్వం ఒకటి.

లోపల కొత్త జంట ఒక రాతికట్టడానికి ఆనుకుని ఫోటోలు దిగుతున్నారు.

"ఈ గద్దెలేంది బిడ్డా?" అని అడిగింది మల్లమ్మ.

"సమాధులమ్మా. డచ్చోళ్ళయి," అన్నాను మహా ఉత్సాహంగా.

ఫోటోలు ఆగిపోయాయి.

"లగ్గమై నెల గూడ గాలే, కొత్త పిల్లను బొందలగడ్డకు తెస్తవా? తానం చెయ్యకుండ నేను బస్సు గూడ ఎక్క!" అంది మల్లమ్మ.

గదులు పోయాయి. నా ఆఫీసు కూడా పోయినట్టే అనిపించింది. నాలుగడుగులు వేస్తే ఉన్నది అరేబియా సముద్రం. అదే చూపించాను.

అందరూ కట్టుబట్టలతో దిగారు. ఒడ్డున నిలబడ్డ నన్ను మల్లమ్మ రెక్క పట్టి లాగింది.

"నువ్వు గూడ మునుగు. లేకుంటే బస్సెక్కనియ్య."

మునిగాను. ఒడ్డున పెద్ద కర్రలకు వేలాడే చీనా చేపల వలల్ని ఫోటో తీస్తున్న విదేశీయులు కెమెరాలు మా వైపు తిప్పారు. అలలు తగిలేసరికి మల్లమ్మకు కోపం ఎటుపోయిందో, కోడళ్ళ మీద నీళ్ళు చల్లడం మొదలుపెట్టింది. ఆ తర్వాత చూడాల్సిన చర్చీ లేదు, ప్యాలెసూ లేదు. విమానం టైమవుతోందని నేను మొత్తుకుంటే వినే నాథుడు లేడు.

ఎయిర్‌పోర్టులో నా తల ఇంకా ఆరలేదు. మల్లమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"మీరు కిరస్తానీలంట గదా. బొందలగడ్డకు పోయొస్తే తానం చెయ్యరా?"

"చెయ్యమమ్మా. పూలు పెట్టి, కొవ్వొత్తి ముట్టిచ్చి, ఇంటికొచ్చి అన్నం తింటం."

"దయ్యాలు వెంట రావా?"

"ఆడ ఉన్నది మా అమ్మనే. వస్తే మంచిగుండు."

ఆమె కొంగుతో నా తల తుడిచింది. "గట్లయితే నిన్నెందుకు ముంచితి బిడ్డా," అంది. నాకు ఏడుపొచ్చింది.

నా ఇంటి అలవాటు అందరి ఇళ్ళలోనూ ఉంటుందనుకుని టూరు వెయ్యకూడదని ఆ రోజు నేర్చుకున్నాను. మల్లమ్మ చెప్పగా విని తర్వాత వచ్చిన వాళ్ళంతా సముద్రంలో తానం చేయించే టూరే కావాలన్నారు. శ్మశానాన్ని మాత్రం నేను తీసెయ్యలేదు, సాయంత్రానికి మార్చాను. అక్కణ్ణుంచి నేరుగా హోటలుకే. వాళ్ళు స్నానాలకు పోతారు, నేను టీ చెప్పుకుంటాను.