నీళ్లను ఆపిన గోనెపీచు

మా ఊరు గోరంట్ల దగ్గర. నేను బడిలో ఇంగ్లీషు టీచర్ని. పోయిన ఎండాకాలం ఊర్లో బోర్లన్నీ ఎండిపోయి, నాలుగు రోజులకొకసారి నీళ్ల ట్యాంకరు వచ్చేది. ఆ పొద్దు వరసలో మొదటి బిందె నాదే. కొళాయి తిప్పితే ఊడి నా చేతికే వచ్చేసింది! ఊరందరి నీళ్లు రోడ్డు పాలైతాండాయి. ఏం చేయాల్నో తోచక, క్లాసులో పిల్లోళ్ల మీద అరిచే అలవాటుకొద్దీ "స్టాప్! స్టాప్!" అని ట్యాంకరు మీద అరిచినాను.

"ఎవుర్ని బెదిరిస్తాండావే? నీళ్లకు చెవులుండాయా?" అంటూ మా అత్త గోనెసంచి చించి, పీచును ముద్ద చేసి ఆ బొక్కలో కుక్కింది. నీళ్లు నిలిచినాయి. అందరూ నవ్వుతాంటే నాకు తల కొట్టేసినట్లయింది.

మర్నాడు పాఠం కోసం పెద్ద డిక్షనరీ తెరిస్తే, స్టాప్ అనే మాట బొక్కలో నార కుక్కి మూసే పని నుంచే పుట్టిందని ఉండాది. రెండుసార్లు చదివినా నమ్మలేకపోయినాను. బడి మొహం చూడని మా అత్తకు అదెట్ల తెలుసు? అయోమయంగానే ఇంటికొచ్చి చెప్పినాను.

అత్త శెనక్కాయలు ఒలుస్తూ తలెత్తకుండానే అనింది: "అయితే ఆ ఇంగ్లీషోళ్ల ఊర్లో గూడా నీళ్లకు కరువే అయ్యుంటాదిలే."