నాలుగు వేళ్ళ మడత

దోహాలో మా అక్క దగ్గరికి వెళ్ళినప్పుడు, నా కూతురికి గౌను కుట్టించడానికి అల్ అజీజియాలో ఒక టైలరింగ్ షాపుకు పోయాను. నడిపేది జర్గూనా అనే అఫ్గాన్ ఆవిడ. మిషన్ల ముందున్న ఆరుగురు ఆడవాళ్ళూ ఆమెలాగే యుద్ధంలో ఇల్లు పోగొట్టుకుని వచ్చినవాళ్ళు. వాళ్ళకు పని నేర్పిందీ ఆమే, జగడాలు తీర్చేదీ ఆమే.

గౌను అంచును ఆమె నాలుగు వేళ్ళ వెడల్పున లోపలికి మడిచింది. నిజామాబాద్‌లో మా అమ్మ మా స్కూలు గౌన్లకు అచ్చం అలాగే మడిచేది. ఏటేటా కొంచెం విప్పేది. పాత మడత గీత మాత్రం ఎన్నిసార్లు ఉతికినా పోయేది కాదు. ఆ గీతంటే నాకెంత సిగ్గో!

"ఇత్తా కైకూ, ఆపా?" అన్నాను మా దక్కనీలో. ఇంత మడత ఎందుకక్కా, వచ్చే ఏడు కొత్తది కొంటాం కదా అని.

ఆమె కత్తెర పక్కన పెట్టి ఉర్దూలో చెప్పింది: "కాబూల్‌లో బాంబులు పడేటప్పుడు కూడా ఇంతే మడిచేదాన్ని. పిల్ల వచ్చే ఏటికి పెరుగుతుందని ఎవరో ఒకరు నమ్మాలి కదా, బహన్."

మొన్న ఆ మడత విప్పాను. గీత కనిపిస్తోందని నా కూతురు ఒకప్పటి నాలాగే మూతి ముడిచింది. నాకు మాత్రం కడుపు నిండిపోయింది.