చీటీలు తిన్న ప్లీడరు

మొన్న పత్తి విత్తనాల కోసం వినుకొండ వెళ్తే, బస్టాండు ఎదుట మా పాత ప్లీడరుగారి సంతాప ఫ్లెక్సీ కనిపించింది. న్యాయానికి నిలువెత్తు రూపమట. ఆ రూపం ఇనప బీరువా ఎక్కి కూర్చుని, దిగనంటే దిగనని ఏడ్చిన రోజు గుర్తొచ్చి నడిరోడ్డు మీద నవ్వాను గాని, నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

మా బాబాయికి ఉన్నది రెండెకరాల మిరపచేను. గట్టు అవతలి ఆసామి దాని మీద దావా వేసి కింది కోర్టులో గెలిచాడు. నెల రోజుల్లో అప్పీలు వెయ్యాల్సిన ప్లీడరు మరిచిపోయి, ఆ మాట చెప్పడానికి మొహం చెల్లక వేసేశానన్నాడు. ఇక నాలుగేళ్లపాటు బాబాయి వెళ్లినప్పుడల్లా, వాయిదా పడిందని తన చేత్తో తేదీ రాసి, సంతకం గీకి ఒక చీటీ ఇచ్చేవాడు. బాబాయి వాటిని ఇనప తీగకి గుచ్చి దేవుడి పటం పక్కన వేలాడదీసేవాడు. అందులో ఒకదాని మీదున్నది ఉగాది తేదీ. కోర్టుకి సెలవని మాలో ఒక్కరికీ తోచలేదు. ప్లీడరు రాసిచ్చాక అనుమానపడే రోజులా అవి?

చేను ఎర్రగా పండిన వేళ కోర్టు అమీను, పోలీసులు, ఆసామి ట్రాక్టరు వచ్చిపడ్డాయి. అడ్డం పడుకున్న బాబాయిని జుట్టు పట్టి ఈడ్చి కర్రలతో బాదితే రెండు పళ్లు ఊడాయి. పిన్ని చెయ్యి విరిగింది. కాయలన్నీ చక్రాల కింద నలిగి, ఆ ఘాటుకి కొట్టేవాళ్లూ దెబ్బలు తినేవాళ్లూ కలిసే దగ్గారు. “అప్పీలెక్కడిదయ్యా, అసలు వేస్తేగా!” అన్నాడు అమీను.

బాబాయి ఒక చేత్తో చీటీల తీగ, ఒక చేత్తో గొడ్డలి పట్టుకుని బస్సెక్కాడు. జిన్నింగు మిల్లులో పని వదిలేసి నేనూ వెంట ఉరికాను. ప్లీడరుగారి బల్ల రెండు ముక్కలైంది, అద్దాలు పగిలాయి, లా పుస్తకాలు వీధిలో పడ్డాయి. బీరువా మీంచి కాళ్లు పట్టి లాగితే కిందపడి ఆయన ముక్కు చితికింది.

“ఒరేయ్, నాలుగేళ్లు చీటీలిచ్చి ఆడించావు గదరా!” అని బాబాయి గొడ్డలెత్తాడు.

తల తెగిపోయేదే. “నరకొద్దు బాబాయ్! ఆ చీటీలే తినిపిద్దాం!” అని అరిచింది నేనే. దవడ పట్టుకున్నదీ నేనే. వేలు ఎముక దాకా కొరికాడు మహానుభావుడు. అయినా వదల్లేదు, కూజాలో నీళ్లు పోసి మరీ, ఒక్కటి మిగలకుండా మింగించాం. నంజుకోవడానికి పచ్చడి అడిగాడని పెళ్లిళ్లలో చెబుతుంటాను గాని, అది మాత్రం నా కల్పన.

మాకు బెయిలిప్పించిన చిన్న వయసు ప్లీడరమ్మ కథంతా విని హుషారుగా ముందుకి వంగింది. “ఆయన మీద నష్టపరిహారం దావా వెయ్యొచ్చండి. గడువు దాటిందని భయపడకండి. దాచిపెట్టాడు గనక మూడేళ్ల గడువూ మీకు తెలిసిన రోజునుంచే లెక్క. దాచాడనడానికి ఆయన చేతిరాత ఒక్కటుంటే చాలు, తీసుకురండి.”

బాబాయి నావైపు చూశాడు. నేను నా వేలి కట్టు వైపు చూశాను.

“తినేశాడమ్మా,” అన్నాడు బాబాయి.

అయినా దావా వేశాం. అప్పీలు వెయ్యమని తనకెవరూ చెప్పలేదన్నాడు ప్లీడరు. కోర్టు నమ్మింది. బాబాయి అదే రెండెకరాలు ఆసామి దగ్గర కౌలుకి తీసుకుని, పోయేదాకా దున్నాడు. చీటీల ఆలోచన నాదని ఒక్కరితోనూ అనలేదు.

ఇప్పుడు మా ఊరి కుర్రాళ్లు టీకొట్టు దగ్గర కూర్చుని ఫోనులోనే ఎవరి వాయిదా ఎప్పుడో చదివేస్తున్నారు. ఏ ప్లీడరూ ఒక్క పూట దాచలేడు. ఒకడిచేత మా బాబాయి పేరు కొట్టించాను. వాడు అటూ ఇటూ వెతికి, “ఏమీ రావట్లేదు బాబాయ్,” అన్నాడు.