సైకిలు దారి మీద వడ్లు

పెద్దిరాజు తణుకు దగ్గర కాలువ వెంట ఉన్న ఒక ఊళ్ళో వరి సాగు చేసుకునే రైతు. ఎరువుల కొట్టుకైనా, బ్యాంకుకైనా, పెళ్ళికైనా ఆయన సైకిలు మీదే వెళతాడు. మోటారు సైకిలు కొనే స్తోమత లేక కాదు. దాని మీద పోతుంటే ఎవరి చేను ఎలా ఉందో కనిపించదని ఆయన వాదన.

ఊరి పక్క నుంచి పోయే పెద్ద రోడ్డును విస్తరించబోతూ అధికారులు జనాభిప్రాయం అడగడానికి పంచాయతీ కార్యాలయం ముందు షామియానా వేశారు. అందరూ నష్టపరిహారం గురించే అడిగారు. పెద్దిరాజు ఒక్కడే వేరే ప్రశ్న వేశాడు.

"లారీలకి దారిచ్చారు, కార్లకి దారిచ్చారు. మా ఆడపిల్లలు హైస్కూలుకి సైకిళ్ళ మీదెళ్తారండి. వాళ్ళెక్కడ తొక్కాలండి, కాలవలోనా?"

జనం నవ్వారు. ఇంజినీరు సత్యప్రసాద్ మాత్రం నవ్వలేదు. ఆ ప్రశ్న సరైనదేనని అక్కడే ఒప్పుకున్నాడు. ఆ తరువాత పెద్దిరాజు పిల్లల తల్లులను వెంటబెట్టుకుని కార్యాలయం చుట్టూ ఎన్నిసార్లు తిరిగాడో ఊరికి తెలుసు. చివరకు రోడ్డుకూ కాలువకూ మధ్య, మోకాలెత్తు గోడ అడ్డుగా, నడిచేవారికీ సైకిళ్ళకీ సిమెంటు దారి పడింది. అది పక్క ఊరి హైస్కూలు గేటు దాకా వెళుతుంది. లారీలకు భయపడి కూతుళ్ళను ఆటోల్లో పంపుతున్న తల్లులు మళ్ళీ సైకిళ్ళు బయటకు తీశారు. దాని నిర్మాణానికి డబ్బు ప్రభుత్వానిదే అయినా, ఊళ్ళో దాన్ని పెద్దిరాజు దారి అనే పిలిచారు. ఆ పిలుపు ఆయనకు బాగానే ఉండేది.

తొలి పంట సార్వా కోతల నాడు తుఫాను హెచ్చరిక వచ్చింది. పెద్దిరాజు పక్షాన చెప్పవలసింది ముందు చెప్పాలి. యంత్రంతో కోసిన ధాన్యం పచ్చిగా వస్తుంది. తేమ తగ్గకపోతే ఎవరూ కొనరు. పూర్వం ప్రతి రైతుకూ ధాన్యం ఆరబెట్టుకునే కళ్ళం ఉండేది. ఇప్పుడు కొన్ని కళ్ళాలు చేపల చెరువులైనాయి, కొన్ని ఇళ్ళ స్థలాలైనాయి. రోడ్డు మీద వడ్లు ఆరబోయడం ఈ ప్రాంతంలో తప్పుగా ఎవరూ చూడరు. అలాంటి చోట, వేడెక్కిన కొత్త సిమెంటు దారి రైతు కంటికి ఎలా కనిపిస్తుందో ఆ ఊరి మనిషిగా నేను ఊహించగలను.

ఆయన దారిలో సగం వెడల్పు వదిలి, సగంలోనే పోశాడు. అది నిజమే. అయితే దారి తెచ్చినవాడే వడ్లు పోశాక మిగిలిన సగాన్ని వదిలేవాడెవడు? సాయంత్రానికి తోటి రైతు త్రిమూర్తులు ట్రాక్టరు వచ్చింది. మర్నాటికి దారి మొత్తం వడ్లు పసుపు పచ్చగా పరుచుకున్నాయి.

బడిపిల్లలు సైకిళ్ళు దిగారు. తొక్కుకుంటూ పోతే వడ్లకు పెద్ద నష్టమేమీ ఉండదు, వద్దని వారించిన వారూ లేరు. అయినా ఆ పిల్లలు గింజల మీద చక్రం పోనివ్వలేదు. సైకిళ్ళను గోడ మీదుగా ఎత్తి, లారీలు పోయే రోడ్డు మీదకు దిగారు. తొమ్మిదో తరగతి చదివే హేమశ్రీని ఒక పాల వ్యాను రాసుకుంటూ పోయింది. పడిన విసురుకు చెయ్యి విరిగింది.

కబురు తెలిసి పెద్దిరాజు తణుకు ఆసుపత్రికి వెళ్ళాడు. హేమశ్రీ కట్టుతో కూర్చుని ఉంది. తల్లి నాగదుర్గ పక్కనే బత్తాయి వలుస్తోంది.

"వడ్ల మీంచి తొక్కుకుంటూ వచ్చేయకపోయావా తల్లీ?" అన్నాడాయన.

"అమ్మో, వడ్ల మీదా తాతయ్యగారూ? గింజ కాలికి తగిలితే కళ్ళకద్దుకోమని మీరే కదండీ చెప్పారు. చక్రంతో తొక్కేసి ఎన్నని అద్దుకుంటామండి?"

ఆ మాట చెప్పింది ఆయనే. ఆ పిల్లలు చిన్నప్పుడు ఆయన ధాన్యం మీద పరుగులు పెడుతుంటే ఆపి, ఒక్కొక్కరి చేతా గింజలు కళ్ళకద్దించాడు. వాళ్ళు ఆ మాట నిలబెట్టుకున్నారు. అప్పుడు నాగదుర్గ అడిగింది.

"మీ వడ్లు ఆరాయా బాబాయిగారూ?"

పెద్దిరాజు లేచి బయటకు వచ్చేశాడు. అది ఎత్తిపొడుపేనని ఆయన నమ్మకం. నేను తరువాత నాగదుర్గనే అడిగాను. "నిజంగానే అడిగానండి. మబ్బు పట్టేసింది కదా, పాపం ఆయన పంటేమైపోయిందోనని," అంది. ఈ సంగతి ఆయనకు చెప్పాను. చెప్పకపోయినా బాగుండేదేమో. ఎత్తిపొడుపైతే భరించేవాడు, ఆ జాలిని భరించలేకపోయాడు.

ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే పెద్దిరాజు తన ధాన్యం ఎత్తేశాడు. తక్కినవారిని ఎత్తమంటే త్రిమూర్తులు, "ముందు పోసిందెవరు బావా? నీవి ఆరిపోయాయని మావి తీయమంటావా?" అన్నాడు. ఇంజినీరు వచ్చి చూసి, "మీరే పోశారటండీ?" అని మెల్లగా అడిగినప్పుడు, తుఫాను పేరు చెప్పి తప్పించుకోవచ్చు. పెద్దిరాజు ఆ పని చేయలేదు. "నేనే పోశానండి. నన్ను చూసే వీళ్ళంతా పోశారు," అన్నాడు.

కోతలయి దారి ఖాళీ అయినా, తల్లులు సైకిళ్ళు మళ్ళీ లోపల పెట్టేశారు. నాగదుర్గ కోపం లేకుండానే తేల్చి చెప్పింది: "దాళ్వా కోతలప్పుడు కూడా దారి ఖాళీగా ఉంటే అప్పుడు పంపిస్తాం బాబాయిగారూ. ఇప్పుడు ఖాళీగా ఉందంటే లాభమేంటండి?"

వేసవి సెలవులకు ముందే రెండో పంట దాళ్వా కోతలు మొదలయ్యాయి. పెద్దిరాజు తెల్లవారకుండానే దారి మొదట్లో నిలబడేవాడు. తన ధాన్యాన్ని చెమ్మ ఆరని చేలోనే టార్పాలిన్ బరకాలు పరిచి పోశాడు. అకాల వాన ఒకటి పడి గింజ రంగు మారింది. భార్య రత్నమాణిక్యం ఊరుకోలేదు. "అక్కడ నిలబడి పరువు ఆరబెట్టుకుంటున్నారు గానీ, ఇక్కడ వడ్లు మొలకలొస్తున్నాయండీ!"

"రానీ," అన్నాడాయన.

ట్రాక్టర్లు వచ్చినప్పుడల్లా మాటలు పడ్డాడు. నువ్వు పోసినప్పుడు లేని నీతి ఇప్పుడెక్కడిదన్నారు. దారికి కాపలా కాస్తే జీతమెంతన్నారు. ఎవరితోనూ వాదించలేదు. "పోసినవాణ్ణి కాబట్టే చెప్తున్నానండి," అనేవాడు. ఆ ఒక్క మాటే అందరికీ. అడ్డం తప్పుకోలేదు. తిట్టుకుంటూనే త్రిమూర్తులు ట్రాక్టరును తన కొబ్బరితోట వైపు తిప్పాడు. అతని వెనక వచ్చినవారూ అటే తిరిగారు.

దీన్ని ప్రాయశ్చిత్తమని పొగిడేవారు ఊళ్ళో ఉన్నారు. నేను అంత దూరం పోను. విరిగిన చెయ్యి అతుక్కున్నా ఆ అమ్మాయి మణికట్టు ఇంకా పూర్తిగా తిరగదు. ఆయన చేసినది తప్పు. దాన్ని తుఫాను మీదకు నెట్టకపోవడం ఆయన గుణం. ఒకదాన్ని చూపి రెండోదాన్ని కొట్టివేయకూడదు.

కోతలు ముగియకముందే ఒక ఉదయం దారి మొదట్లో సైకిలు బెల్లు వినిపించింది. హేమశ్రీ, ఆమె వెనక మరికొందరు పిల్లలు. "తాతయ్యగారూ, కొంచెం జరగండి!" అని హేమశ్రీ కేకేసింది.

దారి మధ్య నిలబడిన పెద్దిరాజు తల దించుకుని గోడ పక్కకు జరిగాడు. పిల్లలు దాటిపోయేదాకా ముఖం ఎత్తలేదు.