గంటమ్మ సెకండ్స్ గంప

అమ్మకానికి పనికొచ్చినా మొదటి రకం కాని సరుకును కప్పుల కార్ఖానాలో సెకండ్స్ అంటారు. ఆ ఇంగ్లీషు మాట వెనక పెద్ద పురాణమేమీ లేదు. బట్టీలోంచి దిగిన కప్పుల్ని వరసలు కడితే లోపం లేనివి మొదటి వరస, చిన్న లోపమున్నవి రెండో వరస. ఆ వరస పేరే సరుకు పేరైపోయింది. బయటివాళ్లు మాత్రం ఎవరో తాగి కడిగిచ్చినవేమో అనుకుని మొహం చిట్లిస్తారు. వాళ్లని చూస్తే గంటమ్మకు ఒళ్లు మండేది. "ఎవరి మూతీ తగల్లేదమ్మా, మీదే మొదటిది" అని వాయించేది.

గంటమ్మ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా కనపడదు. కప్పును మునివేళ్ల మీద నిలిపి, చెక్కపుల్లతో అంచు మీద కొట్టి చూడడం ఇరవై రెండేళ్లుగా ఆమె పని. ఖంగుమంటే మంచిది. మొద్దుగా టక్కుమంటే ఎక్కడో కంటికి ఆనని బీట ఉన్నట్టు. "ఆవిడవి మామూలు చెవులు కావు" అనేవాళ్లు అందరూ. ఆమె లోలోపల ఉబ్బిపోయేది. ఉబ్బదా మరి!

ఆ చెవులే మొండికేశాయి. పుల్ల అరిగిందేమోనని ముందు పుల్ల మార్చింది. తరవాత మట్టిని తిట్టింది. మరో వారానికి సంగతి అర్థమైంది కానీ ఎవరికీ చెప్పలేదు. చెవులు పోయాయంటే ఆ బల్ల దగ్గర ఇక ఆమెకేం పని?

ఆ బల్లకు ఒక పాత నియమముంది: అనుమానమొస్తే సెకండ్స్. బీట కప్పు మంచి పెట్టెలో చేరి, ఎవరి చేతిలోనో వేడివేడిగా విడిపోకూడదు. గంటమ్మకు ఇప్పుడు ప్రతి కప్పు మీదా అనుమానమే. గంప మీద గంప నిండసాగింది.

బీట ఎక్కువగా పిడి అతికిన చోటే పుడుతుంది. అందుకే పిడులు అతికేవాళ్లు తమ తమ గుర్తును కప్పు అడుగున గీస్తారు. సూపర్‌వైజర్ గంపలు తిరగేస్తే ఎక్కువ కప్పుల మీద గంటమ్మ తోటికోడలి గుర్తే కనిపించింది. అందరికంటే ఎక్కువ పిడులు అతికేది ఆమే మరి. "నీకు చెయ్యి కుదరట్లేదమ్మా" అని ఆమెను మట్టి తొక్కే షెడ్డుకు పంపేశాడు. పద్నాలుగేళ్లుగా పిడులు అతికిన చేతులవి.

ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే వంటగది. ఆ సాయంత్రం తోటికోడలు మట్టి తొక్కి పగిలిన పాదాలకు నూనె రాసుకుంటూ కూర్చుంది. గంటమ్మ సగం అన్నంలోనే చెయ్యి కడిగేసుకుంది.

మర్నాడు గంట కొట్టకముందే గంటమ్మ సూపర్‌వైజర్ దగ్గరికెళ్లింది.

"ఆ గంపలోవి మీరే కొట్టి చూడండి బాబూ."

అతను పాతిక కప్పులు కొట్టాడు. ఇరవై ఒకటి ఖంగుమన్నాయి. ఆ మోత గంటమ్మ వినలేదు, అతని మొహంలో చూసింది.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాడతను, రెండోసారి గొంతు పెంచి.

"మూడు నెలలు. దాని చేతిలో లోపం లేదు బాబూ, నా చెవిలో ఉంది. దాన్ని మళ్లీ పిడుల దగ్గర కూర్చోబెట్టండి."

మధ్యాహ్నానికల్లా గంటమ్మను కప్పులకు కాగితాలు చుట్టే పనికి మార్చారు. సంగతి తెలిసి తోటికోడలు షెడ్డు నుంచి మట్టికాళ్లతోనే వచ్చింది. నలుగురి ముందూ కడిగేస్తుందనే అనుకుని గంటమ్మ తల వంచుకుంది. పద్నాలుగేళ్ల పేరు పోగొట్టినందుకు ఏం చెప్పాలో రాత్రంతా మాటలు కూర్చుకుంది కూడా.

తోటికోడలు ఆమె చెవి దగ్గరికి వంగింది.

"ఇంట్లో ఎన్నిసార్లు పిలిచినా పలక్కపోతే నా మీద కోపమనుకున్నానక్కా. నేనేం తప్పు చేశానా అని మూడు నెలలుగా ఏడుస్తున్నా."

కూర్చుకున్న మాటలన్నీ కప్పుల గురించే. గంటమ్మ వాటిని వదిలేసి, చేతిలో కాగితం పక్కన పెట్టి ఆమె చెయ్యి పట్టుకుంది.